నేలకు పోసే నీళ్ళు

మొన్న మా మనవరాలిని ఎల్బీనగర్‌లో వేసవి క్యాంపుకు దింపడానికి వెళ్ళాను. క్యాంపంటే పెద్దగా ఏమీ లేదు. రెండు అపార్టుమెంట్ల నడుమ చుట్టూ వల కట్టి, కింద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచిన జాగా. సాయంత్రం ఐదున్నరకు గానీ మొదలు పెట్టరు. పావుగంటకోసారి కోచ్ అమ్మాయి విజిల్ ఊది, "వాటర్ బ్రేక్! తాగనోళ్ళను ఆడనియ్య" అని అరుస్తోంది. పిల్లలు విసుక్కుంటూ సీసాలెత్తుతున్నారు. మా మనవరాలు రెండు గుటకలు మింగి, మిగతాది పక్కపిల్ల నెత్తిన గుమ్మరించింది. అందరూ నవ్వారు. నేను మాత్రం వల పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను.

పక్కన కుర్చీలో కూర్చున్న ఎవరో తల్లి, "ఆంటీ, తబియత్ బాగలేదా? జర కూసోండ్రి" అంది. బాగానే ఉందమ్మా అన్నాను. నిజంగానే నాకేం రోగం లేదు, గుండ్రాయిలా ఉన్నాను. పన్నెండేళ్ళప్పుడు నేను చేసిన ఒక పని గుర్తొచ్చింది, అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే "చిన్నప్పటి సంగతి, ఇప్పుడెందుకమ్మా" అంటారు. ఆ మాట వినడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

మా రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే. ఆ పైన రాళ్ళగుట్టలు, తుమ్మచెట్లు, అక్కడక్కడ మామిడితోటలు. నల్గొండ పల్లెల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం ఒక బస్తీగా కుదురుకున్నాం. మా నాయన లారీల షెడ్డులో పని చేసేవాడు. బస్తీ వెనక ఒక చెరువు, చెరువు అవతలి ఒడ్డున నున్నటి బండల గుట్ట.

మాకు మైదానం ఎండే ఇచ్చేది. ఉగాది నాటికి చెరువు సగం ఎండేది. శ్రీరామనవమి పానకం తాగేసరికి నడుమ బర్రెలు పొర్లే గుంట తప్ప మిగతాదంతా నల్లటి నేల బయటపడేది. ఎండిన నాచు వాసన, పేడ వాసన, ఎప్పటివో చేపల పొలుసుల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుచేపల దుకాణం ముందు నుంచి పోతే నాకు మొదట గుర్తొచ్చేది ఖోఖో. మళ్ళీ మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి వానలు పడితే నీళ్ళు నిండేవి, ఆట ఖతం. కాబట్టి మా క్యాంపు ఎన్నాళ్ళు నడవాలో చెప్పే అధికారం ఎండకూ వానకూ తప్ప ఎవరికీ లేదు.

క్యాంపు నడిపించింది మా బడి డ్రిల్లు సారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోకుండా, ఎవరూ అడగకుండా, బస్తీ ఆడపిల్లలను పోగేసి ఖోఖో నేర్పేవాడు. మాట గట్టి. చెయ్యెత్తి ఎవరినీ కొట్టలేదు. అందరం ఉత్త కాళ్ళతోనే ఆడేవాళ్ళం.

అయితే చెరువు నేల ఊరికే ఆడనిస్తుందా? నల్లరేగడి ఎండితే చెయ్యి దూరేంత పగుళ్ళు. ఒక్క పగుల్లో కాలు పడిందంటే మడమ చచ్చిందన్నట్టే. అందుకని పొద్దున ఐదింటికే పోయి, గుట్ట కింది నుంచి తట్టలతో ఎర్రమొరం మోసి పగుళ్ళలో నింపేవాళ్ళం. తర్వాత ఒడ్డు మీది బోరింగు కొట్టి, బిందెలతో నీళ్ళు తెచ్చి చల్లి, అందరం వరసగా నిలబడి కాళ్ళతో తొక్కేవాళ్ళం. మరునాటికి పక్కన కొత్త పగులు. గంట ఆటకు గంట చాకిరీ. మా అందరికీ పొట్టి పొట్టి అడుగులు వేస్తూ పరుగెత్తడం అట్లాగే అలవాటైంది. పెద్ద అంగ వేస్తే ఏ పగుల్లో పడతామో అని భయం.

ఆ బిందెల గురించి ఒక కట్టడి ఉండేది. బిందెలో నీళ్ళు నేలకే. ఆట ముగిసేదాకా ఒక్క చుక్క నోట్లో పోసుకోకూడదు. "ఆటలో నీళ్ళు తాగితే కడుపు పట్టేస్తుందమ్మా, కాళ్ళు బరువెక్కుతాయి. నేను అలాగే నేర్చుకున్నాను, మీరూ అలాగే నేర్చుకోండి" అనేవాడు సారు. ఆయన ఒక్కడే కాదు, ఇంట్లో మా నాయనమ్మదీ అదే మాట. "ఎండల పడి ఒచ్చి గటగట నీళ్ళు తాగితే కొడ్తది బిడ్డా, జర ఆగు" అని చెంబు లాక్కునేది. బస్తీ మొత్తం నమ్మింది. బిందె చంకలో చల్లగా తగులుతుంటే, నాలుక పిడచగట్టుకుపోయి, ఆ నీళ్ళు నేలమీద పోస్తుంటే నేల చుయ్యిమని తాగేది. మేం చూస్తుండేవాళ్ళం.

నీళ్ళకు బదులు మా నాయనమ్మ మందు ఉల్లిగడ్డ. వడదెబ్బ తగలకుండా లంగా బొడ్లో దోపి పంపేది. ఆట అయిపోయాక అందరి ఉల్లిగడ్డలూ బండ మీద కొట్టి పగలగొట్టి, సద్దన్నంలో మామిడికాయ తొక్కుతో నంజుకొని తినేవాళ్ళం. వడదెబ్బ సంగతేమో గానీ సద్దన్నం మాత్రం అమృతంలా దిగేది. తిరిగి పోయేటప్పుడు తోటలో మామిడికాయలు దొంగిలించడం, తోటమాలి చేత అమ్మనా బూతులు తినడం రోజూ ఉన్నదే. ఇంకో పందెం ఉండేది. తొమ్మిదింటికల్లా గుట్ట బండలు పెనంలా కాగేవి. వాటి మీద ఉత్త కాళ్ళతో ఎవరు ఎక్కువసేపు నిలబడతారని పందెం. ఎప్పుడూ గెలిచేది నా జతపిల్లే.

నా జతపిల్ల మా పక్కింటి పిల్ల. వాళ్ళ నాయన లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. అమ్మ దవాఖానలో ఆయా, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఆదివారం చర్చికి పోయి, ముఖం మీద పౌడరు కూడా తుడుచుకోకుండా తిన్నగా చెరువులోకి వచ్చేది. సన్నగా, పొడుగ్గా, వెదురుబద్దలా ఉండేది. తరిమేవాళ్ళ చెయ్యి వీపు దాకా వచ్చిందనుకున్న క్షణంలో నడుం వంచి పక్క సందులోంచి జారిపోయేది. నేనూ బాగా ఆడేదాన్ని. కానీ బాగా ఆడడం వేరు, దాని ఆట వేరు. ఆ తేడా నాకు తెలుసు. తెలియకపోతే ఈ కథే లేదు.

ఆ ఏడు సారు ఒక సంగతి చెప్పాడు. మా క్యాంపు నుంచి ఒక్క పిల్లను జిల్లా జట్టులోకి తీసుకుంటారట. జిల్లాకు ఆడి మెప్పించిన పిల్లకు హాస్టలు బడిలో సీటు దొరుకుతుందట, పదో తరగతి దాకా చదువు, తిండి అక్కడే. ఎంపిక చేసేవాళ్ళు మిరుగానికి ముందు వచ్చి చూస్తారని చెప్పి, అందరినీ చూస్తూనే చివరికి నా జతపిల్ల వైపు చూశాడు. దానికది ప్రాణంతో సమానం. ఏడో తరగతి తర్వాత బడి మాన్పిస్తానని వాళ్ళ నాయన అప్పటికే చెప్పేశాడు. నాకు ఆ బాధ లేదు, మా నాయన చదివిస్తానన్నాడు. నాకు కావలసిందల్లా సారు నా వైపు ఒకసారి అట్లా చూడడం. ఇంత చిన్నదాని కోసమా అంటే, అవును, ఇంత చిన్నదాని కోసమే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, వడగళ్ళతో వాన దంచి కొట్టింది. మేం వడగళ్ళు ఏరుకొని తిని సంబరపడ్డాం. తెల్లారి చూస్తే మా మైదానం మోకాటి లోతు బురద. ఎండ కాసి పైన పెచ్చు కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఎంపికకు ఉన్నవి కొద్ది రోజులు, పోయినవి నాలుగు. పోయిన రోజులు తిరిగి రాబట్టాలని సారు ఆట సమయం పెంచాడు. ఎప్పుడూ ఎనిమిదిన్నరకు వదిలేవాడు, ఇప్పుడు పదకొండు దాకా ఆడించడం మొదలుపెట్టాడు. వాన తడికి కింద ఉడుకు, పైన ఎండ. నేలలోంచి ఆవిరి లేచి ముఖానికి కొట్టేది.

మూడో రోజున జరిగింది. పది కావస్తోంది. ఆట నడుమ ఎండిన పైపెచ్చు దుమ్ము లేస్తోందని, మమ్మల్ని ముగ్గురిని నీళ్ళకు పంపాడు సారు: నేను, నా జతపిల్ల, మిద్దింటి పిల్ల. మిద్దింటి పిల్లంటే బస్తీలో ఉన్న ఒకే ఒక మిద్దె యజమాని కూతురు. కాళ్ళకు చెప్పులేసుకొని వచ్చి గట్టున విప్పే పిల్ల, అందుకే మాకెవరికీ పడేది కాదు. అది బిందె నింపుకొని ముందు పోయింది. నేను బోరింగు కొడుతున్నాను. నా జతపిల్ల చుట్టూ చూసి, ధార కింద దోసిలి పట్టి మూడు దోసిళ్ళు తాగేసింది.

"ఏందే గది?" అన్నాను.

"కండ్లు తిరుగుతున్నయే. అమ్మ డ్యూటీ కెల్లి రాలె, పొద్దుగాల నుంచి ఏం తినలె. ఎవ్వలకు చెప్పకు, ఒట్టు."

తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. సరే అన్నాను. అది బిందె ఎత్తుకొని నడిచింది. వెనక నేను. ఆ పది నిమిషాల నడకలో నా బుద్ధి ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. తప్పు చేసిన పిల్లను సారు ఎంపికకు నిలబెట్టడు కదా అనుకున్నాను. నీళ్ళు చల్లడం అయ్యాక, గట్టు మీద లెక్క రాసుకుంటున్న సారు దగ్గరికి ఒక్కదాన్నే పోయి చెప్పాను.

సారు పెన్ను ఆపి, "చూశావా నువ్వు? ఇవాళేనా?" అన్నాడు.

ఇవాళే సార్ అంటే సరిపోయేది. అదే నిజం కూడా. "రోజూ తాగుతది సార్" అన్నాను.

ఎందుకు అన్నానో అడగకండి. ఒక్కసారే అంటే క్షమిస్తాడేమోనని. అదీ కారణం.

కట్టడి తప్పిన పిల్లకు శిక్ష ఒకటే: గుట్ట ఎక్కి, పైన సున్నం పూసిన బండను ముట్టి, దిగి రావడం. పొద్దున చల్లటి పూట మేమంతా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కినవాళ్ళమే. పదిన్నర ఎండలో ఎవరూ ఎక్కలేదు. సారు దాన్ని పిలిచి, "రోజూ నీళ్ళు తాగుతున్నావట. రెండుసార్లు ఎక్కి దిగు" అన్నాడు.

"ఒక్కపారే తాగిన సార్. ఇయ్యాలనే" అంది అది.

"తాగిందే కాక అబద్ధం కూడానా? వెళ్ళు."

అది వెనక్కి తిరిగి మా అందరి ముఖాలూ చూసింది. నా మీద ఆగలేదు దాని చూపు. మిద్దింటి పిల్ల మీద ఆగింది. తర్వాత లంగా ఎగజెక్కి పరుగు తీసింది.

మొదటిసారి దిగొచ్చినప్పుడు దాని ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. అందరం చెమటతో తడిసి ఉన్నాం, దాని ఒళ్ళు మాత్రం పొడిగా ఉంది. అది వింతగా తోచింది కానీ ఎందుకో తెలిసే వయసా? "చాల్లే, ఆగు" అని సారు అన్నట్టే గుర్తు, లేక నేను అట్లా అనుకోవాలని అనుకుంటున్నానేమో తెలియదు. అది ఆగలేదు. పౌరుషం గల పిల్ల. మైదానంలో పాతిన ఖోఖో కంబం ముట్టి వెంటనే తిరిగింది. గుట్ట సగంలో ఒకసారి కూర్చుంది. లేచింది. మేం చప్పట్లు కొట్టాం. నాలుగడుగులు వేసి, పక్కకు ఒరిగి, బండ మీద పడిపోయింది.

సారు పరుగెత్తాడు. చెప్పులు కింద వదిలేసి, ఆ కాగే బండల మీద ఉత్త కాళ్ళతో ఎక్కి, దాన్ని భుజాన వేసుకొని దిగాడు. కిందికి వచ్చాక బిందెల్లో మిగిలిన నీళ్ళన్నీ దాని మీద గుమ్మరించాడు. నోట్లో పోయబోతే పళ్ళు గిట్టకరుచుకున్నాయి. "తల్లీ, నీళ్ళు తాగమ్మా, ఒక్క గుక్క తాగమ్మా" అని బతిమాలుతున్నాడు ఆ మనిషి. ఎవరో రిక్షా తెచ్చారు. రిక్షా గట్టు ఎక్కేదాకా నేను గుండెలు బాదుకొని ఏడ్చాను. అట్లా ఏడ్చినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. పిల్లలు నన్ను పట్టుకొని, "పాపం, జతగాండ్లు గదా" అన్నారు. అది చస్తే దేవుడు నన్నేం చేస్తాడోనని నేను ఏడ్చింది.

బతికింది. వారం రోజులకు ఇంటికి తెచ్చారు. కానీ ఆ పిల్ల ఈ పిల్ల కాదు. వాకిట్లో ఎండలో నిలబడితే వాంతులు, కళ్ళు తిరగడం, చేతులు వణకడం. ఎండ తగలనీయవద్దు, ఆటలు బందు అన్నారు డాక్టర్లు. నేను రోజూ పోయి మంచం పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు సారు వచ్చాడు. కాళ్ళకు గుడ్డ కట్లు. గడప బయటే నిలబడి వాళ్ళ నాయనతో, "తప్పు నాదేనండి" అన్నాడు.

వాళ్ళ నాయన తిట్టలేదు. "మీరేం జేస్తరు సార్. గరీబోల్ల పోరికి ఆటలెందుకని నాకే ముందు అనిపిచ్చింది" అన్నాడు.

సారు తిరిగి పోతూ సందులో నన్ను ఆపాడు. మెల్లగా, నాకంటే చిన్నవాడిలా అడిగాడు: "రోజూ తాగేదన్నావు కదమ్మా. నిజమేనా?" తల ఊపాను. "సరే అమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఏడు చెరువు ఎండింది, నేల పగిలింది, సారు క్యాంపు పెట్టలేదు. ఇంకెప్పుడూ పెట్టలేదు.

ఎంపికలో నేనే నెగ్గాను. నెగ్గక ఏం చేస్తాను, దాని తర్వాత బాగా ఆడేదాన్ని నేనే కదా. జిల్లా ఆటకు తీసుకుపోయారు. అక్కడ నేల మెత్తటి ఎర్రమట్టి, చదునుగా, ఒక్క పగులు లేదు. ఇంక చూడండి నా అవస్థ. పగుళ్ళ భయంతో నేర్చిన పొట్టి అడుగులు వేస్తుంటే మిగతా పిల్లలు పెద్ద పెద్ద అంగలతో వచ్చి మొదటి నిమిషంలోనే నా వీపు తట్టేశారు. రెండో ఆటకు నన్ను దించలేదు. హాస్టలు సీటు లేదు, ఏమీ లేదు. నా జతపిల్ల అయితే ఆ నేల మీద ఏం చేసి ఉండేదో అని అప్పుడే అనిపించింది.

అది మరుసటి ఏడు బడి మానేసింది. నీడపట్టున చేసే పని కావాలి కాబట్టి సైదాబాద్‌లో ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టడానికి కుదిరింది. బస్తీ పిల్లలందరూ కలిసి మిద్దింటి పిల్లతో మాట్లాడడం మానేశారు. వీధిలో కనబడితే "చాడీలమారి" అని అరిచేవాళ్ళు. ఆ పిల్ల "నేను చెప్పలె, యేసుమీద ఒట్టు, రాముని మీద ఒట్టు" అని అందరి దేవుళ్ళ మీదా ఒట్లు పెట్టి ఏడ్చేది. నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా అరిచాను.

తర్వాత ఏళ్ళు గడిచాయి. లారీల కొద్దీ మట్టి పోసి చెరువును పూడ్చారు, ప్లాట్లు చేశారు. గుట్టను పేల్చి కంకర చేశారు. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు, నాలుగు అపార్టుమెంట్లు, ఒక కూరగాయల బజారు ఉన్నాయి. వాన గట్టిగా పడితే సెల్లార్లలోకి నీళ్ళొస్తాయని జనం తిట్టుకుంటారు. నేను పెళ్ళయి బడంగ్‌పేట్ వైపు పోయాను. దాని జాడ నాకు తెలియదు, తెలుసుకోలేదు అంటే నిజం.

నిరుడు దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్ గుడ్డ కొంటుంటే వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టుకున్నారు. జుట్టు మొత్తం నెరిసింది, కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. అయినా ఆ పొడుగు ఎక్కడికి పోతుంది? "నన్ను గుర్తు పట్టలేదావే?" అని నడి బజార్లో నన్ను కావలించుకుంది. సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకుందట. ఇద్దరు బిడ్డలను చదివించిందట. నీడకు నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం.

"మిద్దింటి పోరి యాడైనా కన్పిస్తదా నీకు?" అంది ఉన్నట్టుండి.

లేదన్నాను.

"కన్పిస్తే ఒక్కటే మాట అడగాల్నని ఉన్నదే. తాగింది ఒక్కనాడైతే, రోజు తాగిందని ఎందుకు చెప్పిందో. కోపం లేదు. ఊకనే, తెల్సుకుందామని."

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను. "పోనియ్యే, దాని పాపం దానికే తగుల్తది" అని బయటికొచ్చింది. ఈ వయసులో, అంతమంది నడుమ, ఆ గొడుగు నీడలోనే నిలబడి.

అది తల ఊపి నా చెయ్యి నిమిరింది. "నువ్వొక్కదానివే నా కోసం ఏడ్చినవ్. మా అమ్మ సచ్చేదాక చెప్పేది, ఏడిస్తే గా పిల్ల లెక్క ఏడ్వాలని."

ఫోన్ నంబరు తీసుకుంది. పది రోజులకోసారి తనే చేస్తుంది. ఎట్లున్నవే, ఏం తిన్నవ్, ఎండల బయట తిరగకు అంటుంది. ఈసారి చెప్పేయాలని ప్రతిసారీ గొంతు సవరించుకుంటాను. దగ్గు పట్టిందా అని కంగారుపడి, మిరియాల కషాయం ఎట్ల కాయాలో మొదటి నుంచి చెప్తుంది. నేను వింటాను.